ఖాళీ లైనులో చెప్పిన మాట

జెనిల్దా చెవులు రెండూ ప్రభుత్వానివి. మిగతా ఒళ్లంతా ఆవిడ సొంతం. పొద్దున్నే పెద్రా మాన్స ఊరి పోలీసు కచేరీ మేడమీది గదిలోకి వచ్చి, ఉన్ని శాలువా కుర్చీకీ, హెడ్‌ఫోను చెవులకీ తగిలించిందంటే ఇక ఆ చెవులు ఆవిడ మాట వినవు. జడ్జిగారు ఎవరి మాట వినమంటే వాళ్ల మాట వింటాయి. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు వాటిని కచేరీలోనే వదిలేసి వెళుతుంది కాబోలు, "అక్కా, వచ్చేటప్పుడు మొక్కజొన్న కండెలు తెమ్మన్నానే" అని చెల్లెలు ఎన్నిసార్లు మొత్తుకున్నా వినబడినట్టే ఉండదు.

ఈ ఉద్యోగాన్ని ఊళ్లోవాళ్లు చాటుగా వినడం అంటారు. జెనిల్దా ఒప్పుకోదు. చాటుగా వినేవాడికి ఒక గోడ ఉంటే చాలు. తనకి పోలీసు అర్జీ కావాలి, ప్రాసిక్యూటరు అభిప్రాయం కావాలి, జడ్జిగారి సంతకం కావాలి, ఇంకే దారిలోనూ రుజువు దొరకదని ముందే చూపించాలి. ఇన్నీ అయ్యాక కూడా గడువు పదిహేను రోజులే. గడువు దాటితే గొడవ. మళ్లీ కావాలంటే మళ్లీ కారణం చెప్పుకోవాలి. "అనుమానం మనది, అనుమతి వాళ్లది" అని కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెబుతుంది. విన్నదాంట్లో కేసుకి పనికొచ్చేదే కాగితమెక్కాలి. పనికిరానిది గది గడప దాటిందా, దొంగ సంగతేమో గాని విన్నవాళ్లు ముందు జైలుకి పోతారు.

అది జూన్ నెల, ఇక్కడ చలికాలం, కోతల కాలం. కొండల మీద కాఫీ కోతలు, కొట్ల ముందు కబుర్ల కోతలు, తెల్లారేసరికి ఎవరి కళ్లంలోనో బస్తాల కోత. దొంగ బస్తాలతో ఒక లారీ పట్టుబడింది. డ్రైవరు నోరు తెరవలేదు గాని అతని ఫోను తెరుచుకుంది. అందులో అదౌతో నంబరు దొరికింది.

అదౌతో గోదాములో కాఫీ రుచి చూసే మనిషి. బల్ల మీద వరసగా పెట్టిన కప్పుల్లోంచి చెంచాతో జుర్రున పీల్చి, నోట్లో ఓ తిప్పు తిప్పి, ఉమ్మేసి, ఈ గింజ ఏ కొండదో, ఎండబెట్టినప్పుడు వాన తగిలిందో లేదో చెప్పేస్తాడు. రోజంతా ఉమ్మేసినా ఊళ్లో అతని మాటని అందరూ కళ్లకద్దుకుంటారు. దొంగ కాఫీకి ధర కట్టేది ఈయనేనని డాక్టర్ వాల్మోర్ అనుమానం. వాల్మోర్ కచేరీకి పెద్ద. లా చదివిన ప్రతివాడూ ఇక్కడ డాక్టరే. ఆయనకున్న రోగమల్లా ఒక్కటే, పేపర్లో ఫొటో పడాలి.

గడువు చివరికి వచ్చేసింది గాని జెనిల్దాకి దొంగ కాఫీ వాసన కూడా తగల్లేదు. పగలల్లా రైతులు ఫోన్ చేస్తారు. "తడి బస్తా పంపారు, ఎండబెట్టి పంపండి" అని అదౌతో మొహమాటం లేకుండా చెప్పేస్తాడు. అదే మనిషి సాయంత్రం గోదాము మూశాక కుట్టుపని చేసే ఇవోనెకి ఫోన్ చేసేసరికి, మొహమాటం తప్ప ఇంకేమీ చెప్పడు.

"ఇవోనె గారూ, నేనండీ, అదౌతోని."

"తెలుసండీ. రోజూ ఈ వేళకి ఇంకెవరు చేస్తారు."

"చలి బాగా ఉందండీ."

"ఉందండీ."

"మంచు పడుతుందంటారా?"

"ఆకాశం తేటగా ఉంది. పడినా పడొచ్చు."

"పడితే కాఫీ ఆకులన్నీ మాడిపోతాయండీ."

"నిన్న కూడా చెప్పారండీ."

ఆ తర్వాత ఇద్దరి మధ్యా కుట్టుమిషను ఒక్కటే మాట్లాడుతుంది.

పక్క కుర్చీలో నివాల్దో తల పట్టుకున్నాడు. ముప్పై దాటినవాడే గాని, ఒంటితో పాటు ఓపిక పెరగలేదు. "అక్కా, ఈయన ఈ జన్మకి చెప్పడు."

"ఏం చెప్పడు?"

"చెప్పాల్సింది."

"అది మన కేసు కాదు. నీ హెడ్‌ఫోను తీసెయ్."

"తీసేశాక మధ్యలో దొంగ కాఫీ మాటొస్తే?"

అదే చిక్కు. వినకపోతే తప్పు, విన్నది బయట అంటే ఇంకా తప్పు. కాబట్టి ఇద్దరూ ప్రభుత్వం వారి ఖర్చుతో, చట్టం వారి ఆశీస్సులతో, అదౌతో గారి సిగ్గుని రోజూ సాయంత్రం శ్రద్ధగా వింటున్నారు. ఫలానా రోజుకల్లా అడిగేస్తాడని నివాల్దో చీజు బన్నులు పందెం కాస్తాడు. ఓడిపోయి, కింద బేకరీకి వెళ్లి తెస్తాడు. పదిహేను రోజుల గడువులో ఆ బన్నులతో జెనిల్దా గౌను నడుం దగ్గర బిగుతైంది.

సోమవారం నాడు గెలిచేవాడే. ఇవోనె ఆ నెలలోనే వచ్చే సావో జొవావ్ పండగ డాన్సు కోసం అతుకుల గౌను కుడుతున్నానని చెప్పింది. ఆ డాన్సులో ఉత్తుత్తి పెళ్లి ఒకటి ఉంటుంది.

"పెళ్లికూతురెవరండీ?" అన్నాడు అదౌతో.

"ఎవరో ఒకరు. గౌనుంటే పెళ్లికూతురు దొరక్కపోదు."

"అసలు ఉత్తుత్తిది ఎందుకండీ..."

మిషను ఆగింది. నివాల్దో ఊపిరి ఆపాడు. జెనిల్దా బన్ను నమలడం ఆపింది.

"ఏంటండీ?" అంది ఇవోనె.

"అదేనండీ, మంచు పడితే పండగ పాడవుతుంది కదా అని."

నివాల్దో బల్ల మీద గుద్దిన గుద్దుకి కాఫీ ఒలికింది. "పడనీ అక్కా. ఈయన మీదే పడనీ, ఆ మంచేదో."

మంగళవారం నివాల్దో బన్నులకి వెళ్లాడు. అప్పుడు జరిగింది అది. మామూలుగానే చలి అయింది, ఆకాశం అయింది, ఆకులు మాడడం అయింది. ఇంతలో ఇవోనె, "గుమ్మంలో ఎవరో వచ్చినట్టున్నారండీ, లైనులోనే ఉండండి, ఇప్పుడే వస్తా" అంది. ఫోను చెక్క మీద పెట్టిన చప్పుడు. కుర్చీ జరిగింది. చెప్పులు టపటపలాడాయి, ఆగాయి.

చెప్పుల చప్పుడు విని చెప్పుల సైజు చెప్పగలదని కచేరీలో జెనిల్దాకి పేరు. మడమ అరిగిన ఇంటి చెప్పులు అనుకుంది. ఎదుటి కంప్యూటరు తెర మీద గొంతుల గీతలు అణిగి చదునైపోయాయి. ఖాళీ లైను. హెడ్‌ఫోను పక్కన పెట్టి వీపు విరుచుకుందామనుకుంటూ ఉండగా, ఖాళీలోంచి ఊపిరి ఒకటి వినబడింది. తర్వాత మాట.

"ఇవోనె గారూ." అదౌతో గొంతే, కానీ మొహమాటం లేని గొంతు, తడి బస్తా వెనక్కి పంపే గొంతు. "మీరు లేరు కాబట్టి చెబుతున్నాను. నాకు నాలుక మీద ఉన్న నమ్మకం నోటి మీద లేదండీ. మీ ఇంటికొచ్చినప్పుడల్లా మీరు కాఫీ ఇస్తారు. ఈ కొండల్లో అంత అన్యాయమైన కాఫీ నేనెక్కడా తాగలేదు. మాడు కంపు. రోజల్లా మంచి కాఫీ నోట్లో పోసుకుని ఉమ్మేస్తాను. మీ కాఫీ ఒక్కటే గుక్క మిగల్చకుండా మింగుతాను. ఇక రోజూ పొద్దున్నే లేచి అదే మింగాలని ఉందండీ. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు.

కాసేపటికి ఇవోనె, "హలో, ఉన్నారా? ఎక్కడ తెగింది మన మాట? మంచు దగ్గరేనా?" అంది.

"అవునండీ. మంచు దగ్గరే."

జెనిల్దా కళ్లజోడు తీసి శాలువాతో తుడిచింది. కళ్లజోడు శుభ్రంగానే ఉంది. నివాల్దో బన్నుల సంచీతో ఆయాసపడుతూ మెట్లెక్కి, "ఏమైంది అక్కా? అడిగాడా?" అన్నాడు.

"మంచు," అంది జెనిల్దా. ఆ సంభాషణకి ఎదురుగా 'కేసుకి సంబంధం లేదు' అని కొట్టి, తర్వాతి వరసకి జరిగిపోయింది. ఎందుకు దాచిందో ఆవిడకే తెలీదు. ఆ మాటలు ఒకళ్ల కోసం చెప్పినవి, ఆ ఒకళ్లూ వినలేదు. వాళ్లకంటే ముందు ఇంకొకరు వింటే ఎంగిలైనట్టుంటుందనిపించింది.

మర్నాడు అదౌతో చలి ఎత్తుకోక ముందే ఇవోనె అందుకుంది. "ఒక సంగతి అడుగుతానండీ. కాఫీకి నీళ్లు కళపెళా మరిగాక పొడి వెయ్యాలా, మరక్క ముందే దించెయ్యాలా?"

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. నీళ్లు, వేడి, పొడి, గుడ్డ జల్లెడ, అన్నీ ఏకరువు పెట్టాడు. మంచు ఊసే రాలేదు. "ఎందుకడిగారండీ?" అన్నాడు చివర్లో.

"ఊరికే. అడక్కూడదా?"

"ప్రేమ పాకంలో పడుతుందనుకుంటే పాకశాస్త్రంలో పడింది" అని నిట్టూర్చాడు నివాల్దో. జెనిల్దాకి మాత్రం ఆవిడ మీద జాలేసింది. తన బల్ల మీదే పలికిన మాట తనకి తెలియని మనిషి, పాపం, కాఫీ పెట్టడం నేర్చుకుంటోంది.

* * *

గడువు ఆఖరి రోజున డాక్టర్ వాల్మోర్ మేడెక్కి వచ్చాడు. వచ్చేముందు ఆయన అత్తరు వచ్చింది.

"ఏమైనా దొరికిందా జెనిల్దా?"

"లేదు సార్. తడి బస్తాలు, వాన తగిలిన గింజలు. అంతే."

"సాయంత్రాలు ఆ కుట్టుపనావిడతో?"

"కేసుకి పనికొచ్చేది లేదు సార్."

వాల్మోర్ తెర మీద వేలు పెట్టాడు. మాటల గీతల మధ్య చదునైన ఖాళీలు. "ఇవేంటి? ఇంతింత సేపు మాట్లాడకుండా ఉంటాడా మనిషనేవాడు? ఖాళీ అంటే సైగ."

"ఖాళీ అంటే సిగ్గు సార్."

"సిగ్గుకి సెక్షను లేదమ్మా."

"లేదు కాబట్టే రాయలేదు సార్."

ఆయన బల్ల అంచు మీద కూర్చున్నాడు. గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం జెనిల్దాకి తెలుసు, దూది లోపల సూది. "చూడు. గడువు పొడిగించమని అడగాలంటే కారణం కావాలి. 'అనుమానితుడు మాటల మధ్య దీర్ఘ మౌనాలు పాటిస్తున్నాడు, అవి ఉద్దేశపూర్వకమని తోస్తోంది' అని రాయి. అందులో అబద్ధమేముంది?"

"అబద్ధం లేదు సార్. ఉద్దేశం ఉంది. ఆ ఉద్దేశం కాఫీ బస్తాలు కావు."

"కింద గుర్తింపు కార్డుల కౌంటరులో మనిషి కావాలంటున్నారు," అన్నాడు వాల్మోర్ లేస్తూ. "వేలిముద్రలు వేయించడం. వేళ్లతోనే పని, చెవుల అవసరం ఉండదు. రేపు పొద్దున్న రిపోర్టు నా బల్ల మీద ఉండాలి."

ఆయన దిగిపోయాక నివాల్దో కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అక్కా, పొడిగిస్తే పోయేదేముంది? ఇంకో పదిహేను రోజులు. ఈసారి కచ్చితంగా అడిగేస్తాడు. మనమూ వింటాం. నీ కుర్చీ నీకుంటుంది, నా బన్నులు నాకు మిగులుతాయి."

జెనిల్దా వెంటనే కసరలేదు. తనకీ అదే ఆశగా ఉంది. అదౌతో ఎదురుగా ఉన్న మనిషితో ఆ మాట అంటాడా, అంటే ఆవిడ ఏమంటుంది? ఇంత దూరం విని, చివర్లో సర్కారు వారు ప్లగ్గు పీకేస్తే ఎవరికి బాధ ఉండదు? ఒక్క వాక్యం రాస్తే చాలు.

శాలువా కప్పుకుని కిటికీ దగ్గర నిలబడింది. చౌరస్తాలో పండగ పందిరి వేస్తున్నారు. రంగు కాగితాల జెండాలు అంటించుకుంటూ ఒకడు నిచ్చెన మీద పాట పాడుకుంటున్నాడు. ఎవరో వింటున్నారని తెలిస్తే పాడేవాడు కాడు. తెలియదు కాబట్టే అంత బాగా పాడుతున్నాడు.

"ఒరే నివాల్దో, మనకిచ్చిన ఆర్డరు ఆయన నేరం వినడానికి. నేరం లేదని తేలిపోయింది. ఇక విన్నామంటే అది మన నేరం," అని కుర్చీలో కూర్చుని రిపోర్టు రాసింది. కేసుకి సంబంధించిన మాట ఒక్కటీ లేదని రాసింది. లారీ డ్రైవరు దగ్గర ఇతని నంబరు ఉండడం వింత కాదని, ఈ కొండల్లో కాఫీ గింజ ఉన్న ప్రతివాడి దగ్గరా ఉంటుందని రాసింది. మౌనాల గురించి మౌనంగా ఊరుకుంది.

వాల్మోర్ దాన్ని చదివి ముక్కుపుటాలు ఎగరేశాడు. చింపేద్దామంటే పొడిగింపు అర్జీతో పాటు అది కోర్టుకి వెళ్లి తీరాలి. వెళ్లింది. జడ్జి మాగాలి గారు రెండూ చదివి, పొడిగింపు కుదరదన్నారు. విధి లేక వాల్మోర్ కారు దిగి, కాలికి మట్టి అంటించుకుని, లారీలు తూచే కాటా దగ్గర కాపలావాణ్ని వెళ్లి అడిగాడు. ఇంకే దారిలోనూ దొరకదని కోర్టుకి చెప్పుకున్న రుజువు ఆ కాపలావాడి దగ్గరే కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. దొంగ సరుకు కొన్నవాడు పక్క ఊరి వ్యాపారి. వాల్మోర్ ఫొటో పేపర్లో పడింది. ఆ సంతోషంలో కార్డుల కౌంటరు సంగతి మర్చిపోయాడు. జెనిల్దా గుర్తుచేయలేదు.

* * *

కేసుకి అక్కర్లేని రికార్డింగులు నాశనం చేయించమని ప్రాసిక్యూటరు కోరాడు. జడ్జిగారు సరేనన్నారు. ఫలానా రోజు రావచ్చని, కళ్లారా చూసుకోవచ్చని అదౌతోకి కబురు పంపారు.

అప్పటిదాకా కాస్త కుదుటపడిన జెనిల్దాకి అక్కడ మళ్లీ ముల్లు గుచ్చుకుంది. ఆయన ఆ మాట ఒక్కసారే అన్నాడు. అది ఉన్నది రెండే చోట్ల, ఒకటి డిస్కులో, రెండోది తన చెవిలో. డిస్కు ముక్కలైపోతుంది. చెవికి చట్టం తాళం వేసింది. ఇక ఇవోనెకి జన్మంతా మంచు కబుర్లే.

ఆ రోజు అదౌతో టై కట్టుకుని చౌరస్తాలోని కోర్టుకి వచ్చాడు. వెనకాల ఇవోనె. నడివయసు మనిషి, మెడలో ఇంకా కొలత టేపు వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. "మా మాటలన్నీ విన్నారటండీ, ఈయన నిన్ననే చెప్పారు" అంది జడ్జిగారితో. "నా గొంతూ ఉంది కదా, నేనూ కూర్చోవచ్చా?"

"తప్పకుండా. మీకూ సంబంధించిందే," అన్నారు మాగాలి.

ఎప్పుడూ జరిగే తంతు. పగలగొట్టేముందు ఇది ఆ డిస్కేనని రూఢి చేసుకోవాలి. అందుకని కాస్త వినిపిస్తారు, గొంతుల సొంతదారులు అవునంటారు. "ఎక్కడో ఒకచోట పెట్టమ్మా, కొంచెం చాలు," అన్నారు జడ్జిగారు. ప్రాసిక్యూటరు గడియారం చూసుకున్నాడు.

ఎక్కడో ఒకచోట. జెనిల్దా వేలు వరసల మీద ఆడింది. ఎవరికీ చెప్పకూడదని చట్టం. చెప్పిన మనిషీ ఇక్కడే ఉన్నాడు, చెప్పించుకోవాల్సిన మనిషీ ఇక్కడే ఉంది. నేనెవరికి చెబుతున్నాను? వేలు దానంతటదే మంగళవారం మీద ఆగింది. దానంతటదే అని తర్వాత నివాల్దోతో ఎంత చెప్పినా వాడు నమ్మలేదు.

చెక్క మీద ఫోను పెట్టిన చప్పుడు. చెప్పులు టపటప. ఊపిరి. "ఇవోనె గారూ. మీరు లేరు కాబట్టి చెబుతున్నాను..."

అదౌతో చెవులు కోతకొచ్చిన కాఫీపళ్లలా ఎర్రబడ్డాయి. లేవబోయి, టై బల్ల అంచున చిక్కుకుని, మళ్లీ కూర్చున్నాడు. నివాల్దో నోరు తెరుచుకుని జెనిల్దా వంక చూశాడు. ప్రాసిక్యూటరు గడియారం మీద చొక్కా చేతిని కప్పేశాడు. మాడు కంపు వచ్చింది, గుక్క మిగల్చకపోవడం వచ్చింది, పెళ్లి వచ్చింది, ముక్కు చీదుకోవడం వచ్చింది. జెనిల్దా ఆపేసింది.

జడ్జిగారు కలం మూత తీసి మళ్లీ పెట్టారు.

"ఇప్పుడు చెప్పండి," అంది ఇవోనె, అదౌతో వైపు తిరిగి. "నీళ్లు మరక్క ముందే దించుతున్నాను. పొడి మార్చాను. గుడ్డ కూడా మార్చాను. ఆదివారం తాగారు కదా, ఇంకా మాడు కంపేనా?"

అదౌతోకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "అంటే మీరు... ఇప్పుడు కాకుండా..."

"అప్పుడే విన్నానండీ. గుమ్మంలో ఎవరూ లేరు. నేనుంటే మీరు చెప్పరు కదా అని, అక్కడే నుంచుని చెప్పులు టపటపలాడించి ఊరుకున్నాను."

జెనిల్దా కుర్చీలో వెనక్కి వాలిపోయింది. చెప్పులు టపటపలాడాయి, ఆగాయి. దూరం కాలేదు. తిరిగి రాలేదు. సైజు చెప్పగలిగిన చెవులకి చెప్పులు కదలనే లేదని తెలియలేదు.

"జడ్జిగారూ," అంది ఇవోనె, "కోర్టు అనుమతి లేకుండానే విన్నాను. దానికేమైనా శిక్ష ఉందాండీ?"

మాగాలి గారు కలం వైపే చూస్తూ, "మాట మీతోనే అన్నది కాబట్టి అనుమతి అక్కర్లేదు. జవాబు మాత్రం బాకీ ఉన్నట్టుంది," అన్నారు.

"లేననుకుని అడిగినదానికి జవాబేంటండీ. ఉన్నప్పుడు అడగమనండి."

అందరూ అదౌతో వంక చూశారు. ఆయన టై సర్దుకున్నాడు. రుచి చూసేటప్పటిలా గాలి లోపలికి జుర్రున పీల్చాడు.

"ఇవోనె గారూ," అన్నాడు. "చలి బాగా ఉందండీ."

నివాల్దో గోడకి తల ఆనించుకున్నాడు. జడ్జిగారు ముందు డిస్కు సంగతి చూడమన్నారు. జెనిల్దా దాన్ని గుడ్డలో చుట్టి రెండుగా విరిచింది, నాలుగుగా విరిచింది. అదౌతో సంతకం పెట్టాడు, ఇవోనె సంతకం పెట్టింది. "మేమంతా కాసేపు బయట ఉంటాం," అన్నారు మాగాలి లేస్తూ. "ఈ గదిలో చాటుగా వినే మిషన్లేమీ లేవు. ఎవరూ వినరు."

తలుపు మూసుకుంది. వరండాలో జడ్జిగారూ ప్రాసిక్యూటరూ కాఫీ ఫ్లాస్కు వైపు నడిచారు. నివాల్దో మాత్రం బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, వంగినవాడు వంగినట్టే తాళం కన్నం దగ్గరికి జరిగాడు. జెనిల్దా వాడి చెవి పట్టుకుని నిటారుగా లేపింది.

"ఆర్డరుందా?"

"అక్కా, ఒక్క ముక్క."

"గడువైపోయింది నాయనా."

వాడి చెవి వదల్లేదు, తన చెవులు కూడా తలుపుకి దూరంగా తిప్పుకుని, కిటికీలోంచి చౌరస్తా వైపు పెట్టింది. పందిరి దగ్గర ఎవరో మొక్కజొన్న కండెలు కాలుస్తున్నారు. చెల్లెలు తెమ్మన్న కండెలు జ్ఞాపకం వచ్చాయి. అది పొద్దున్న అన్న మాట స్పష్టంగా, పక్కనే నిలబడి అన్నట్టు వినబడింది.

కొంతసేపటికి తలుపు తెరుచుకుంది. ముందు ఇవోనె వచ్చింది. ఆవిడ మెడలో కొలత టేపు లేదు. వెనకాల వస్తున్న అదౌతో మెడలో ఉంది, టై మీద. ఆయన వరండాలోని వాళ్లందరినీ ఒకసారి చూసి, ఎవరూ అడక్కుండానే, తడి బస్తాలు వెనక్కి పంపే గొంతుతో అన్నాడు.

"ఈ ఏడు మంచు పడదు లెండి."